పొగకు పోయిన కన్ను

ఒక కంటితో బియ్యం ఏరడం ఎలా ఉంటుందో చెబుతాను. రాయి కనపడుతుంది. తెల్లటి బియ్యంలో నల్లగా, స్పష్టంగానే కనపడుతుంది. కానీ అది ఎంత దూరంలో ఉందో తెలియదు. వేలు పెడితే దాని పక్కన పడుతుంది. మళ్లీ పెడితే ఇటు పక్కన పడుతుంది. మూడోసారికి దొరికిందనుకుంటే గోటి కింద నుంచి జారి బియ్యంలో కలిసిపోతుంది. నలుగురికి ఒక పూటకు సరిపడా బియ్యం ఏరి, చెరిగి లేచేసరికి ఎదురింటి వాళ్లు తిని చేతులు కడుక్కుంటూ ఉంటారు. అన్నంలో ఒక్క రాయి పంటి కింద పడిందంటే మా ఆయన హన్మంత్ కంచం ముందుకు నెట్టి, “కండ్లు యాడ పెట్టుకొని ఏరినవే” అంటాడు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లుగా అంటున్న మాటే. నా ఎడమ కన్ను పోయిన తర్వాత కూడా అలవాటు కొద్దీ రెండుసార్లు అన్నాడు. అని, నాలుక కరుచుకొని, కంచం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

ఆ రోజు కూడా అరుగు మీద కూర్చొని బియ్యం ఏరుతున్నాను. తువ్వాల భుజాన వేసుకొని బయటికి పోతున్న ఆయన గడప దగ్గర ఆగాడు.

“రేపు టెంటుకాడ నీకు సన్మానం పెట్టిండ్రు. జర మంచి చీర కట్టుకో” అన్నాడు.

“నాకెందుకు సన్మానం?”

“ఎందుకేంది? తెలంగాణ కోసం కన్ను ఇచ్చినవ్ గదా. కొమురయ్యన్న అందరికీ చెప్పిండు. మా అమ్మను గూడ తోల్కరా. ముందు వరుసల కుర్చీ ఏపిస్తా.”

ఇదంతా చాటలోని బియ్యం వైపు చూస్తూ చెప్పాడు. కన్ను పోయిన దగ్గర్నుంచీ ఆయన నా ముఖంలోకి చూసి మాట్లాడడం తగ్గించాడు.

అది రెండు వేల పదకొండు, అక్టోబరు. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. భూపాలపల్లిలో బొగ్గు బావులు కూడా ఆగాయి. మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో చిట్యాల చౌరస్తాలో టెంటు వేశారు. రోజుకు పదిమంది చొప్పున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దీక్షకు కూర్చుంటున్నారు. మా ఆయన అక్కడ పెద్దమనిషి. తన వంతు వచ్చిన రోజున ఎనిమిదిలోపే కడుపునిండా తిని మరీ దీక్షకు పోతాడు. బడి లేదని మా అమ్మాయి సౌమ్య ఇంట్లో, సమ్మె అని ఆయన దోస్తులు మా అరుగు మీద. చాయ్ గిన్నె పొయ్యి దిగడమే లేదు. నేను అంగన్‌వాడీ టీచరును. చిన్నపిల్లల తిండి ఆగకూడదని మా కేంద్రం తెరిచే ఉంచాం. ఇక ఇంటి పొయ్యి సంగతి ఎవరూ అడగనే లేదు. సకల జనులు అన్నప్పుడు అందులో నేను ఉన్నానో లేనో నాకు అర్థమయ్యేది కాదు.

అయినా ఒక మాట ముందే చెప్పుకోవాలి. నాకు తెలంగాణ కావాలి. ఆయనకెంత కావాలో నాకూ అంతే కావాలి. ర్యాలీల్లో నడిచాను, పాటలు పాడాను, బతుకమ్మను నడిరోడ్డు మీద పెట్టి ఆడాను. ఉద్యమం మీద నాకు కోపం లేదు. నా కోపం వేరు, అది ఇంట్లో మొదలైంది.

నా కన్ను పొగకు పోలేదు. ఊరంతా అనుకుంటున్నదీ, రేపు మైకులో చెప్పబోతున్నదీ అదే గానీ, అది నిజం కాదు.

జూన్‌లో వంటా వార్పు జరిగింది. జనమంతా రోడ్ల మీదికి వచ్చి, అక్కడే వండుకొని, అక్కడే తిని నిరసన చెప్పడం. మా ఊరి నుంచి రెండు వందల మందికి వండాలని మా ఆయన మాటిచ్చి వచ్చాడు. మాట ఆయనది, బియ్యం మా ఇంటివి, చేతులు మావి. ముందురోజు మా వాకిట్లో పదిమంది ఆడవాళ్లం చాటలు పట్టుకొని కూర్చున్నాం. మరాడించి తెచ్చిన బియ్యంలో ఊక, పొట్టు, వడ్లగింజలు. వానకు ముందరి గాలి ఎటుబడితే అటు కొడుతోంది. చాట ఎగరేశాను, గాలి తిరిగింది, ఎడమ కంట్లో ఏదో పడింది. మండింది. వద్దని తెలిసీ ముంజేత్తో రుద్దాను.

“కంట్ల నలుసు వడ్డది. రాధవ్వను పిలువుండ్రి” అన్నారు ఎవరో.

రాధమ్మ మా అత్తమ్మ. కంట్లో పడ్డ నలుసును నాలుకతో తీస్తుంది. చుట్టూ నాలుగైదు ఊళ్లకు ఆమె పేరు తెలుసు. కోతల కాలం వస్తే మా వాకిట్లో రోజుకు ఇద్దరో ముగ్గురో కన్ను మూసుకొని నిలబడి ఉంటారు. ఆమె నోట్లోని తమలపాకు ఉమ్మేసి, చెంబు నీళ్లు పుక్కిలించి, వాళ్ల తల రెండు చేతులతో పట్టుకొని, రెప్ప విప్పి నాలుక కొనతో ఒక్క రాపు రాస్తుంది. నలుసు వచ్చేస్తుంది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. నడివయసులోనే మామయ్య పోయి, కొడుకు చేతికింద బతుకుతున్న మనిషి. ఇంట్లో ఆమె మాట వినేవాళ్లు లేరు. ఆమెను వెతుక్కుంటూ జనం వచ్చేది ఆ ఒక్క పనికే.

మా అంగన్‌వాడీ గోడ మీద ఒక చార్టు ఉంది. అయిదు బొమ్మలు. కంట్లో ఏదైనా పడితే నలపకూడదు. నాలుకతో తీయించకూడదు. పసరు, చనుబాలు పోయకూడదు. శుభ్రమైన నీళ్లతో కడగాలి. తగ్గకపోతే ఆ రోజే దవాఖానకు పోవాలి. నెలనెలా తల్లులు వచ్చినప్పుడు, పిల్లలకు విటమిన్ మందు పోయించేటప్పుడు, కర్ర పట్టుకొని ఒక్కొక్క బొమ్మా చూపించి చదివేదాన్ని. రెండో బొమ్మ దగ్గరికి రాగానే అందరూ నవ్వేవాళ్లు. “మీ ఇంట్ల రాధవ్వ ఉండంగ మాకు దవాఖాన ఏంటికి టీచరమ్మా” అనేవాళ్లు. నేనూ నవ్వి మూడో బొమ్మకు పోయేదాన్ని.

అలాంటిదాన్ని ఆ రోజు వాకిట్లో పదిమంది ముందు, “వద్దత్తమ్మా, నీళ్లతో కడుక్కుంటాను” అనలేకపోయాను. అంటే ఆమెను అవమానించినట్టే. ఆమె వచ్చి నా తల పట్టుకుంది. చేతులు మెత్తగా ఉన్నాయి. అంత దగ్గర నుంచి ఆమె ముఖం చూడడం అదే మొదటిసారి. కళ్లు మూసుకొని ఉంది. దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకున్నాను. నాలుక తగిలింది, మంట చల్లారింది. నాలుక కొన మీద ఊక ముక్క కనపడింది. హాయిగా ఉండింది. అబద్ధమెందుకు, ఆమె మీద ప్రేమ కూడా కలిగింది.

మరునాడు చౌరస్తాలో రాళ్ల పొయ్యిలు పెట్టాం. ముందురోజు సాయంత్రం కురిసిన వానకు కట్టెలు తడిశాయి. పొగ కమ్ముకుంది. మగవాళ్లు టెంటు కింద మాట్లాడారు, మేము పొయ్యిల దగ్గర ఊదాం. పేపరువాళ్లు కెమెరాలు తీసుకొని వచ్చినప్పుడు మాత్రం గంటెలు చేతులు మారాయి. మర్నాటి పేపర్లో మా ఆయన పప్పు కలుపుతున్న ఫొటో వచ్చింది. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆయన పప్పు కలపడం నేను చూసింది ఆ ఫొటోలోనే.

ఆ సాయంత్రానికి నా ఎడమ కన్ను ఎర్రబడింది. రెండో రోజు వెలుతురు చూడలేకపోయాను. “దవాఖానకు పోదాం” అన్నాను. “పొగకు ఎర్రగైంది, అదే తగ్గుతది” అన్నాడు. మూడో రోజు పక్కింటి బాలింతతో చనుబాలు పోయించారు. నేను పోయించుకున్నాను. నాలుగో రోజు మళ్లీ అడిగాను. “రేపు పరకాలల మీటింగున్నది, అది అయినంక” అన్నాడు. ఎల్లుండి బంద్ అన్నాడు. బంద్ నాడు బండ్లు నడవవన్నాడు. అయిదో రోజు మెడికల్ షాపులో అడిగి చుక్కల మందు తెచ్చి గూట్లో పెట్టాడు. రెండు రోజులు ఎరుపు తగ్గింది. “చూసినవా” అన్నాడు. ఆ తర్వాత తలలో మేకు దిగినట్టు నొప్పి. కొంగు కన్నుకు అడ్డం పెట్టుకొని రొట్టెలు చేశాను. “కూరల ఉప్పు ఎక్కువైతాంది, నీ ధ్యాస యాడున్నది” అన్నాడు. అత్తమ్మ మాత్రం ఒక పూట నా పక్కన కూర్చొని, “కన్నెర్రగైతే దవాఖానకు పోవుడు మన ఇండ్లల్ల లేదు బిడ్డా. ఓర్సుకోవాలె. నేను ఓర్సుకుంటలేనా” అంది. ఆమె ఏం ఓర్చుకుంటోందో నేను అడగలేదు.

మనుషులు అడగడం ఎలా మానేస్తారో నాకు తెలుసు. మొదటిసారి గట్టిగా అడుగుతాం. రెండోసారి మెల్లగా. మూడోసారి ఆయన మంచి మూడ్‌లో ఉన్నాడా అని చూసి. నాలుగోసారి అడగాలనుకొని కంచం పెట్టి వచ్చేస్తాం. ఒక్కదాన్నే బస్సెక్కి పోవచ్చు కదా అని ఇప్పుడు అందరూ అంటారు. పోవచ్చు. నాకు ఆ ఆలోచన రాలేదు. రానివ్వకుండా పెంచారు, రానివ్వకుండా కాపురం చేశాను.

తొమ్మిదో రోజు కేంద్రంలో పిల్లలకు అన్నం పెడుతుంటే ఒక గిన్నెలో వేయాల్సింది నేల మీద వేశాను. మా ఆయమ్మ మంగ్లీ చూసింది. తండా నుంచి వస్తుంది, నాకంటే పదేళ్లు పెద్దది. నా గడ్డం పట్టుకొని వాకిట్లోకి లాగి, వెలుతురులో కన్ను విప్పి చూసింది.

“టీచరమ్మా, నల్లగుడ్డు మీద తెల్లగ పూసింది” అంది. “లే, పోదాం.”

“ఆయనకు చెప్పి...”

“చెప్పుడు మీద తొమ్మిది దినాలు పోయె. లే.”

పిల్లలను ఇళ్లకు పంపి, తాళం వేసి, కొంగులో కట్టుకుంది. ఆటో, బస్సు, మళ్లీ ఆటో. వరంగల్‌లో కండ్ల దవాఖానకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ నా వయసుదే. లైటు వేసి చాలాసేపు చూసి, కుర్చీలో వెనక్కి కూర్చుంది.

“ఇన్ని రోజులు ఏం చేసినవమ్మా?” అంది.

“వంట చేసిన” అన్నాను. నిజంగా అదే చేశాను గనక.

ఆమె నవ్వలేదు. ఊకముక్క నల్లగుడ్డు మీద గీత గీసిందట. పంట చెత్తతో గీత పడితే దాంట్లో బూజు పట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుందట. నోట్లో ఉండే క్రిములు నాలుకతో నేరుగా ఆ గీతలోకి చేరాయట. మెడికల్ షాపు చుక్కలు పైకి ఎరుపు తగ్గించి, లోపల బూజును పెంచాయట. “మొదటి ఒకటి రెండు రోజుల్ల వస్తే చుక్కల మందుతోనే పోతుండె. ఇప్పుడు పుండు మానుతది గానీ మచ్చ మిగుల్తది” అంది. మూడు వారాలు అక్కడే ఉన్నాను. పుండు మానింది. నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు మిగిలింది. ఇప్పుడు ఆ కంటి ముందు చెయ్యి ఊపితే ఏదో ఊగుతున్నట్టు తెలుస్తుంది, ఎవరి చెయ్యో తెలియదు.

ఇంటికి వచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లు మా ఆయన్ను అడిగారు, ఏమైందని. ఆయన మొదటిసారి తల వంచుకొని, “వంటా వార్పు నాడు పొగ పట్టింది” అన్నాడు. తప్పించుకోవడానికి అన్నాడు, అంతే. కానీ ఆ మాట విన్నవాళ్ల ముఖాలు మారాయి. పదిరోజుల్లో అది ఊరు దాటింది. టెంటు నడిపించే కొమురయ్య ఒక మీటింగులో, “మన హన్మంతన్న భార్య ఉద్యమానికి కన్నే ఇచ్చింది” అన్నాడు. మా ఆయన లేచి చేతులు జోడించాడట. పంతొమ్మిదేళ్లుగా మా వంటింట్లో కట్టెల పొయ్యి పొగ నా కళ్లలోకే పోయింది, ఎవరికీ కనపడలేదు. రోడ్డు మీద ఒక్క పూట పీలిస్తే త్యాగమైంది.

నేను కాదనలేదు. అత్తమ్మ పేరు బయటికి రాకుండా ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. అది సగమే. జనం నేను పోతే కుర్చీ వేస్తున్నారు, జీపులో ముందు సీటు ఇస్తున్నారు. నాకు అది బాగుండింది. ఆయనకూ బాగుండింది. రేపు ఎలక్షన్లు వస్తే నిలబడాలని ఆయన మనసులో ఉంది. మా ఇద్దరికీ పనికొచ్చే అబద్ధం కాబట్టి మూడు నెలలు హాయిగా బతికింది.

ఇప్పుడు మళ్లీ అరుగు మీదికి వస్తాను. సన్మానం మాట చెప్పి ఆయన పోయిన కాసేపటికి, వెనక వాడలో ఉండే నిర్మలక్క కొంగు కన్నుకు అడ్డం పెట్టుకొని వచ్చింది. మక్క కంకులు ఒలుస్తుంటే పొట్టు ఎగిరి పడిందట.

“రాధవ్వ ఉన్నదా?” అంది.

చాట పక్కన పెట్టి లేచాను. “అక్కా, ఇటు రా. నీళ్లతోటి కడుగుత. తగ్గకపోతే దవాఖానకు పోదువు గానీ, నాలికతోటి వద్దు.”

“గదేంది? గిన్నేండ్ల సంది తీస్తలేదా?”

“వద్దక్కా. నా కన్ను చూడు.”

నిర్మలక్క నా ముఖంలోకి జాలిగా చూసింది. “నీది పొగకు పోయె గదా చెల్లె. రాధవ్వ నాలికకు ఏమాయె?”

మూడు నెలలు నేను దాచిన నిజానికి ఇదీ ఖరీదు. నా కన్ను చూసి ఒక్క మనిషైనా జాగ్రత్త పడాల్సింది. అబద్ధం చెప్పి నా కన్నును ఎవరికీ పనికిరాకుండా చేశాం. నేను అలా నిలబడి ఉండగానే లోపలున్న అత్తమ్మ నిర్మలక్క గొంతు విని, “నిర్మలేనా, వస్తున్న ఆగు” అంటూ తలుపు చెక్క తడుముకుంటూ బయటికి వచ్చింది. పుక్కిలించింది. నిర్మలక్క తల పట్టుకుంది. నేను “అత్తమ్మా” అనేలోపే అయిపోయింది.

“ఎల్లింది బిడ్డా, పో” అని నాలుక చాచి చూపించింది. నాలుక మీద ఏమీ లేదు.

నిర్మలక్క ఒంటి కన్నుతో చూసి, ఉందనే అనుకొని, దండం పెట్టి పోయింది. నాకు ఒళ్లు మండింది. లేని నలుసును ఉన్నట్టు చూపిస్తుందా, పేరు కోసం ఇంత నాటకమా అనుకున్నాను. ఆమె అప్పటికే గోడ పట్టుకొని లోపలికి పోతోంది. నేను ఒక చెంబు మంచినీళ్లు తీసుకొని నిర్మలక్క వెంటబడి, సందులో ఆపి, కన్ను విప్పించి కడిగాను. “రేపు దవాఖానకు పో అక్కా” అన్నాను. “పోయింది గదనే, ఇంకెందుకు” అంది. ఆ మాట నాకు తెలిసిన మాటే.

మరునాడు పదకొండు గంటలకు జీపు వచ్చింది. పట్టుచీర కట్టుకున్నాను. సౌమ్య నాయనమ్మకు జాకెట్ హుక్కులు పెట్టి, చెయ్యి పట్టుకొని జీపెక్కించింది. రెండు మూడేళ్లుగా ఏం కావాలన్నా అత్తమ్మ సౌమ్యనే పిలుస్తోంది. సూదిలో దారం ఎక్కించాలన్నా, చాయ్ గ్లాసు చేతికివ్వాలన్నా. ముసలితనం కదా, మనవరాలి మీద ప్రేమ అనుకునేదాన్ని.

టెంటు నిండా జనం. దీక్షలో కూర్చున్నవాళ్ల మెడల్లో దండలు. ముందు వరుసలో అత్తమ్మ, పక్కన సౌమ్య. వెనక ఆడవాళ్లలో మంగ్లీ కనపడింది. ఆమె పక్కనే నిర్మలక్క. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని ఉంది. కొంగు జారినప్పుడు చూశాను. కన్ను నిప్పు కణికలా ఎర్రగా ఉంది, వెలుతురు చూడలేక రెప్ప మూసుకుపోతోంది. ఆ కన్నుకు ఒకటే రోజైంది. డాక్టరమ్మ ఒకటి రెండు రోజులు అంది. నాకు ఆ క్షణం శాలువా, ఆయన ఎలక్షన్లు, అత్తమ్మ పేరు ఏదీ గుర్తు లేదు. ఈ మనిషికి ఇంకా టైముంది అన్నదొక్కటే గుర్తుంది.

కొమురయ్య నా గురించి చాలా చెప్పాడు. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. “రెండు ముక్కలు మాట్లాడక్కా” అని మైకు నా చేతికిచ్చాడు. అక్కడి ఆడవాళ్లు మైకులో మామూలుగా “అందరికీ దండాలు, జై తెలంగాణ” అని కూర్చుంటారు. నేనూ అక్కడితో ఆపుతాననే మా ఆయన దండ సర్దుకుంటున్నాడు.

“అందరికీ దండాలు” అన్నాను. “నా కన్ను పొగకు పోలేదు.”

మైకు కాసేపు గీపెట్టింది.

“మా వాకిట్ల బియ్యం చెరుగుతుంటే ఊక వడ్డది. మా అత్తమ్మ నాలికతోటి తీసింది. నా మీద ప్రేమతోటే తీసింది, ఆమె తప్పు పడ్తలేను. తీయొద్దని అంగన్‌వాడీల చార్టు చదివేది నేనే. నేనే తీయించుకున్న. తెల్లారి కన్ను ఎర్రగైంది. దవాఖానకు తీస్కపొమ్మని అడిగిన. తొమ్మిది దినాలు నన్ను ఎవ్వలు తీస్కపోలేదు. నాకు నేను గూడ పోలేదు. ఆ తొమ్మిది దినాలల్ల పోయింది నా కన్ను.”

“ఏం మాట్లాడుతున్నవే, కూసో” అన్నాడు మా ఆయన, పెదాలు కదలకుండా.

“తొమ్మిది దినాలు కూసున్న” అన్నాను. మైకు నోటి ముందే ఉంది కనుక అందరికీ వినపడింది. “మన నీళ్లు, మన కొలువులు మనకెందుకు ఇయ్యరని రోడ్డు మీద గట్టిగనే అడుగుతున్నం. నేనూ అడుగుతున్న. కానీ ఇంట్ల ఒక్క కన్ను కోసం అడగరాలేదు నాకు. మీకు నన్ను చూసి దండం పెట్టబుద్ధైతే ఒక్క పని చేయుండ్రి. వచ్చే నెల కోతలు. కంట్ల నలుసు వడితే నలపకుండ్రి, నాలిక పెట్టియ్యకుండ్రి. మంచినీళ్లతోటి కడుగుండ్రి. ఆ దినమే దవాఖానకు పోండ్రి. మా ఇంటికి రాకుండ్రి.”

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. కొమురయ్య ఏం చేయాలో తెలియక జేబులో చేతులు పెట్టుకున్నాడు. మా ఆయన ముఖం నల్లబడింది. సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. అది తర్వాతి సంగతి. శాలువా తీసి, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టాను. స్టేజీ దిగి ఆడవాళ్ల మధ్యకు పోయాను. మెట్టు ఎంత లోతుందో తెలియక కాలు తడబడింది, నిలదొక్కుకున్నాను. నిర్మలక్క నన్ను చూసి కొంగు ఇంకాస్త ముఖం మీదికి లాక్కుంది.

“అక్కా, నీకు ఒక్క దినమే అయింది” అన్నాను. “లే, పోదాం. జీపున్నది.”

ఆమె తన భర్త ఎక్కడున్నాడో అని టెంటంతా చూసింది. మంగ్లీ ఆమె చంకలో చెయ్యి వేసి లేపింది. ముగ్గురం కదిలాం. ముందు వరుస దాటుతుంటే అత్తమ్మ ఎదురుపడింది. అందరి ముందు ఆమె పేరు తీశాను. నలభై ఏళ్ల పేరు. తిడుతుందనుకున్నాను. తిడితే పడదామనే అనుకున్నాను.

ఆమె కుర్చీ వీపు పట్టుకొని లేచి నిలబడింది. మా అడుగుల చప్పుడు వచ్చిన వైపు చెయ్యి చాచింది. ఆ చెయ్యి నాకు అందకుండా, నా భుజం పక్కన గాలిలో ఆగింది. ఏరేటప్పుడు రాయి పక్కన పడే నా వేలు లాగే.

“నన్ను గూడ తీస్కపో బిడ్డా” అంది. “మూడేండ్ల సంది నాకు ఏం కనవడ్తలేదు.”